వెయ్యికి రెండువందల ఎనభై నాలుగు

పట్టీ లేకుండా ఉలిగమ్మ కొట్టిన బంతి గంటకు నూటనాలుగు కిలోమీటర్ల వేగంతో పోయింది. పట్టీ పెట్టాక కొట్టినది నూటపదమూడు. రెండు బంతులకూ మధ్య గడిచింది ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాల్లో ఆమె నీళ్లు తాగింది, మెడ వెనక ఒక పట్టీ, కుడి మోచేతి కింద రెండు పట్టీలు అంటించుకుంది. అంతకుమించి ఏమీ చేయలేదు.

వల వెనక బల్ల దగ్గర కూర్చున్న మద్దిలేటి రెండు అంకెలూ పుస్తకంలో వేసి, కింద టైము రాశాడు. తరువాత కళ్లజోడు తీసి మేనకోడలి వైపు చూశాడు.

“చెయ్యి నొప్పి పుట్టిందా?” అని అడిగింది డాక్టర్ హైమవతి.

“ల్యా మేడం,” అంది ఉలిగమ్మ. “ఎవరో పట్టుకున్న చెయ్యి ఇడిసినట్టుండాది.”

“ఇన్నాళ్లూ పట్టుకున్నది నువ్వే.”

ఉలిగమ్మ నవ్వింది. హైమవతి నవ్వలేదు. ఇరవయ్యో ఏట వాలీబాల్ ఆడుతూ మోకాలు పోగొట్టుకున్న మనిషి ఆమె. మనిషి శరీరం తన బలాన్నంతా ఎప్పుడూ బయటికి తీయదని, కండ ఎముకను వదిలి ఊడిపోతుందన్న భయంతో కొంత వెనక్కి పట్టుకుంటుందని ఏడేళ్లుగా కొలుస్తోంది. ఆ పట్టును మెట్టు మెట్టుగా సడలించడం ఈ పట్టీల పని. కర్నూలు బయట, హంద్రీ ఒడ్డున కట్టిన క్రీడా పరిశోధన కేంద్రంలో ఏడు వారాల పరీక్షకు నలుగురు ఆడపిల్లలను తీసుకున్నారు. నలుగురూ ఆదోని జట్టువాళ్లే. ఏడో వారం శనివారంనాడు దక్షిణాది మహిళా బేస్‌బాల్ లీగుకు పేర్లు ప్రకటిస్తారు.

“మేడం, ఇది ఎంతవరకు ఇడుస్తాది?” అని అడిగాడు మద్దిలేటి.

“మీ పుస్తకాలు చెప్పినంతవరకు,” అంది హైమవతి.

ఆ మాటకు మద్దిలేటికి గర్వం కలిగింది. ముప్పై ఏళ్లు పత్తి మిల్లులో కాటా గుమాస్తాగా పనిచేసినవాడు. ఆయన తూచిన బేలును రెండోసారి ఎవరూ తూచలేదు. ఆదివారాలు ఆడపిల్లల జట్టుకు స్కోరు రాసేవాడు. పదకొండేళ్లలో ఇరవైరెండు పుస్తకాలయ్యాయి. ప్రతి బంతికీ ఒక గడి. హైమవతి వెతికినంతలో ఆడపిల్లల ఆటను అంత వివరంగా రాసినవాళ్లు ఇంకెవరూ కనబడలేదు. ఆ పుస్తకాలను, ఆ పిల్లల కండల మందాన్ని, ఎముకల పొడవును, పరుగును యంత్రానికి ఇచ్చింది. ఏ శరీరం ఎంత కొడుతుందో యంత్రం నేర్చుకుంది. ఇప్పుడు ఒక పిల్లను దాని ముందు నిలబెడితే, ఈ శరీరంలో ఇంత ఉంది అని ఒక అంకె చెబుతుంది. దాన్ని కేంద్రంలో ‘గీత’ అనేవాళ్లు.

ఉలిగమ్మ గీత వెయ్యికి రెండువందల ఎనభై నాలుగు.

అది విడి బలం లెక్క. బంతిని కొట్టి ఒకటో బేస్ దాకా పరిగెత్తితే ఆ లెక్కలో ఏమీ రాదు. రెండో బేస్ దాకా పోతే ఒకటి, మూడో బేస్ దాకా పోతే రెండు, బంతి కంచె దాటితే మూడు. అలా వచ్చిన మొత్తాన్ని ఎన్నిసార్లు బ్యాటు పట్టిందో దానితో భాగించి, వెయ్యికి ఎంతో చెబుతారు. ఎన్నిసార్లు తగిలిందన్నది పక్కన పెట్టి, తగిలినప్పుడు ఎంత దూరం పోయిందన్నదే చూసే లెక్క ఇది.

పట్టీకి చెప్పిన నియమం ఒక్కటే. ప్రతి సాయంత్రం ఆ రోజు దాకా పిల్ల కొట్టినదాన్ని గీతతో పోల్చు. తక్కువైతే మర్నాడు ఉదయం ఇంకో మెట్టు సడలించు. గీత అందితే ఆగిపో. ఎన్ని మెట్ల తరువాత ఆగాలన్నది హైమవతి పెట్టలేదు. శరీరమే గీత గీసి ఇచ్చాక వేరే హద్దు ఎందుకనుకుంది.

*

మూడో ఆదివారం ఇద్దరూ బస్సులో ఆదోని వచ్చారు. ఉలిగమ్మ తల్లి భీమక్క పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు తడుతోంది. మద్దిలేటికి ఆమె సొంత అక్క. నాలుగేళ్లు పెద్దది.

“ఏమిరా మద్దీ, మా పిల్ల ఎంత కొట్టిందంట?”

“నూటతొంభై ఎనిమిది.”

“వందకా?”

“వెయ్యికి.”

“వెయ్యికి నూటతొంభై ఎనిమిదా? దానికి కర్నూలు దాకా పోవల్లనా? మా బడిలో ఐతే ఫేలు.”

“అక్కా, ఈ లెక్కలో రెండొందలు దాటితే దొర.”

“ఒకటో బేసు దాకా ఉరికితే ఎంత?”

“సున్న.”

“ఉరికింది కదరా! ఆయాసపడింది కదా! సున్న ఏంది?”

“ఉరికింది వేరే లెక్కలో వస్తాది.”

“మీ లెక్కలు మీరే తినండి,” అని భీమక్క పిండిముద్ద కూతురి ముందు పెట్టింది. “నువ్వు తట్టుమే. నాకు నడుం పట్టింది.”

ఉలిగమ్మ పదేళ్లప్పటి నుంచి రొట్టెలు తడుతోంది. ముద్దను పలక మీద పెట్టి అరచేత్తో కొట్టింది. ముద్ద మధ్యలో చిరిగి పలక బయటపడింది. మళ్లీ చేసింది. మళ్లీ చిరిగింది. మూడోసారి చెయ్యి ఆపుకుంటూ కొట్టింది. ఆ దెబ్బకు పలక జారి పొయ్యి రాయికి తగిలింది.

“రొట్టె తడతాండావా, బండ కొడతాండావా?” అంది భీమక్క.

“మెల్లగానే కొడతాండా మా.”

“ఇదా మెల్లగా?”

ఉలిగమ్మ తన అరచేతిని తిప్పి చూసుకుంది. ఉదయం స్నానానికి పోయినప్పుడు తలుపు గొళ్లెం ఊడి చేతిలోకి వచ్చిన సంగతి అప్పుడు చెప్పింది. అంతకు ముందు రోజు హాస్టల్లో గ్లాసు నలిగిందని కూడా చెప్పింది. అప్పుడామెకు పట్టీలు లేవు. ఆదివారాలు పట్టీలు తీసి పెట్టెలో పెడతారు.

“పట్టీ తీసినాక చెయ్యి మామూలుగా కాల్యానా?” అని అడిగాడు మద్దిలేటి.

“కొంచెం కొంచెం అయితాది మామా. మొన్నంత బిర్రుగా లేదు.”

“మేడంకు చెప్పినావా?”

“చెప్తే ఆపుతారు.”

భీమక్క ఇద్దరి మొహాలూ చూసింది. ముద్ద తన ముందుకు లాక్కుని తనే తట్టింది. రొట్టె కాల్చి కూతురి పళ్లెంలో వేస్తూ, “ముక్క విరుసుకోను వస్తాదా, నేనే పెట్టల్లనా?” అని అడిగింది. వేళాకోళంగానే అడిగింది. ఉలిగమ్మ ఎడమచేత్తో తింది.

సోమవారం మద్దిలేటి ఈ సంగతి హైమవతికి చెప్పాడు. ఆమె ఉలిగమ్మను పిలిచి చేతిని పరీక్ష చేయించింది. మోచేతి లోపలివైపు నాలుగు మిల్లీమీటర్ల వాపు ఉందని కేంద్రం డాక్టరు రాశాడు. ఐసు పెట్టమన్నాడు. గీతకు ఇంకా ఎనభై ఆరు దూరం ఉంది కాబట్టి శరీరానికి ఇది మోయగల బరువేనని హైమవతి లెక్కగట్టింది. ఆ లెక్కలో తప్పు లేదు. గీత నిజమైతే.

*

ఆరో వారానికి మైదానం బోర్డు మీద ఉలిగమ్మ అంకె రెండువందల నలభై ఒకటికి చేరి అక్కడ ఆగింది. ఎనిమిది రోజులు కదల్లేదు. పట్టీ మాత్రం తన పని చేసుకుంటూ పోయింది. రోజుకో మెట్టు.

“ఇది ఇంకా దాచుకుంటోంది,” అంది హైమవతి. “ఇంత లోతుగా దాచుకున్న శరీరాన్ని నేను చూడలేదు.”

మద్దిలేటి ఆ మాటకు తల ఊపాడు గానీ, భోజనానికి పోకుండా రికార్డుల గదిలోకి పోయాడు. ఇరవైరెండు పుస్తకాలూ అక్కడ బీరువాలో ఉన్నాయి. తలుపు దగ్గరికి వేసి, ఉలిగమ్మ పెద్దల జట్టులో ఆడిన నాలుగేళ్ల పుస్తకాలు బయటికి తీశాడు.

ఆ పుస్తకాల్లో ఆయనకు తెలిసి ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది.

జట్టు పెట్టిన మొదటి ఏడు, ఆట అయ్యాక స్కోరు కాగితాన్ని మైదానం గోడకు అంటించేవాడు. ఒక ఆదివారం హసీనా అనే పిల్ల మూడు బంతులు వదిలేసింది. కాగితంలో ఆమె పేరు ఎదురుగా ‘తప్పులు 3’ అని రాశాడు. సోమవారం ఆమె తండ్రి గోడ దగ్గరికి వచ్చి చదివాడు. పిల్ల ఆటకు రావడం మానేసింది. నలుగురిలో తప్పులు చేయించుకోవడానికి పంపాలా అన్నాడట. మద్దిలేటి కాగితం చించి, కొత్తది రాసి, వాళ్లింటికి పోయి చూపించాడు. “రాళ్ల నేల కదా సామీ, రాయి తగిలి బంతి పక్కకు పోయింది. పిల్ల తప్పు కాదు,” అన్నాడు. మరుసటి ఆదివారం హసీనా వచ్చింది.

అప్పటి నుంచి ఆదోని జట్టు పుస్తకంలో ఫీల్డర్ తప్పు అన్నది లేదు. బంతి చేతిలోంచి జారినా, కాళ్ల సందున పోయినా, అది రాయి తగిలిన బంతే. కొట్టిన పిల్ల రెండో బేస్ చేరితే రెండు బేసులు, మూడో బేస్ చేరితే మూడు బేసులు, ఆమె బలం ఖాతాలోనే. పిల్లలకు ఇది ఆటలో ఆట అయింది. ఎవరైనా బంతి వదిలేస్తే అందరూ “రాయి! రాయి!” అని అరిచేవాళ్లు. ఒకసారి ఆకాశంలోకి లేచిన బంతి నేరుగా హసీనా గ్లవ్‌లో పడి కిందికి జారింది. “మామా, పైన గూడా రాళ్లుండాయా?” అని ఉలిగమ్మ బేసుల మధ్య పరిగెత్తుతూ అరిచింది. మద్దిలేటి నవ్వుకుంటూ రెండు బేసులు రాశాడు.

కానీ ఆయన కాటా గుమాస్తా. రాసినది ఒకటీ జరిగినది ఒకటీ అయితే ఆ రాత్రి అన్నం సహించదు. అందుకని అలాంటి ప్రతి గడి కింద పెన్సిలుతో ఒక చుక్క పెట్టేవాడు. ఆ చుక్క ఏమిటని పదకొండేళ్లలో ఎవరూ అడగలేదు. యంత్రం కూడా దాన్ని కాగితం మీది మరకగానే చూసింది.

ఇప్పుడు చుక్కలు లెక్కపెట్టాడు. ఉలిగమ్మ బ్యాటు పట్టినవి నాలుగువందల పన్నెండు సార్లు. అదనపు బేసులు నూటపదిహేడు. భాగిస్తే రెండువందల ఎనభై నాలుగు, అచ్చంగా గీత అంకె. చుక్కలున్నవి తీసేస్తే బేసులు ఎనభై ఒకటి. భాగిస్తే నూటతొంభై ఏడు.

రెండోసారి లెక్కపెట్టాడు. మారలేదు. మూడో ఆదివారం అక్కకు చెప్పిన అంకె గుర్తొచ్చింది. అప్పటికే నూటతొంభై ఎనిమిది. పట్టీ ఆగాల్సింది అప్పుడు. ఆ తరువాత సడలించినది పిల్ల దాచుకున్నది కాదు. ఆమె కండను ఎముకకు పట్టి ఉంచినది.

*

ఏడో వారం బుధవారం మధ్యాహ్నం, మైదానం పక్క రేకుల షెడ్డు కింద ఉలిగమ్మకు అంతా చెప్పాడు. ఆమె మోచేతికి ఐసు సంచి కట్టుకుని కూర్చుంది.

“ఎన్ని బేసులు?” అంది చివరికి.

“ముప్పయ్యారు.”

“అన్నీ హసీనా వదిలేసినవేనా?”

“అందరివీ ఉండాయి.”

“అంటే ఆదోనిలో నాది నూటతొంభై ఏడు.”

“ఊ.”

“ఇప్పుడు బోర్డు మీద ఉండేది రెండొందల నలభై ఒకటి. ఇక్కడ రాళ్లు ల్యా. కెమెరాలుండాయి. ఇది నేను కొట్టిందే కదా?”

“పట్టీ కొట్టించింది.”

“చెయ్యి ఎవరిది మామా?”

మద్దిలేటి మైదానంలో నీళ్ల పైపు లాగుతున్న మనిషి వైపు చూశాడు.

“మేడంకు చెప్పల్ల,” అన్నాడు. “ఇంగ ఒక్క మెట్టు గూడా వద్దు.”

“చెప్తే ఏమైతాది?”

“పరీక్ష ఆపుతారు. పుస్తకాలు పనికిరావంటారు.”

“మా నలుగురి పేర్లూ పోతాయి.”

“పోతాయి.”

“హసీనా పేరు గూడా. తప్పులన్నీ దాని నెత్తిన పెట్టి మరీ పోతాది.” ఆమె ఐసు సంచిని విప్పి పక్కన పెట్టింది. “నాకు ఇరవైరెండు మామా. జిన్నింగు మిల్లులో పత్తి ఎత్తిపోసుకుంటా ముసిల్దాన్నయితా. శనివారం దాకా ఆగు. మూడ్రోజులు. పేరు వచ్చినాక నేనే పట్టీ పీకి ఆమె బల్ల మీద పెడతా.”

“చెయ్యి పోతే?”

“ఆరు వారాలు పోనిది మూడ్రోజుల్లో పోతాదా?”

మద్దిలేటికి పిల్లల మొహం చూసి కాదనడం రాదు. పదకొండేళ్లు ఆయన ఏ పిల్లనూ కాదనలేదు. “శనివారం పొద్దున చెప్తా,” అన్నాడు. “ఆ పొద్దు దాటనియ్యను.”

“మా మామ బంగారం,” అంది ఉలిగమ్మ. లేవబోతూ ఆయన భుజం పట్టుకుంది. ఆ పట్టుకు ఆయనకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె గమనించలేదు. అయిదు వేళ్ల గుర్తులూ మర్నాటికి నల్లబడ్డాయి.

*

శుక్రవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, ఆ రోజు ఏడో బంతిని ఉలిగమ్మ కొట్టింది. బంతి నూటముప్పై ఒకటి వేగంతో ఎడమ కంచె దాటి, హంద్రీ ఇసుకలో పడింది. కేంద్రంలో అంతకు ముందు ఎవరూ అంత దూరం కొట్టలేదు. బంతి వేసిన పిచ్చర్ కూడా చప్పట్లు కొట్టింది.

ఉలిగమ్మ ఒకటో బేస్ వైపు పరిగెత్తింది. బ్యాటు ఆమె చేతిలోనే ఉంది. కొట్టాక బ్యాటు వదిలి పరిగెత్తడం చిన్నప్పటి నుంచి అలవాటు. ఒకటో బేస్ దాటింది. బ్యాటు ఇంకా చేతిలోనే ఉంది. “పారేయ్! పారేయ్!” అని హసీనా అరిచింది. ఉలిగమ్మ పరిగెత్తుతూనే తన చేతిని చూసుకుంది. వేళ్లు తెరుచుకోవడం లేదు. చెయ్యి మోచేతి దగ్గర వంగకుండా వేలాడుతోంది. పైచేతి కండ భుజం వైపు ముద్దగా లేచింది.

రెండో బేస్ మీద కాలు పెట్టి, అక్కడే మోకాళ్ల మీద కూలబడింది. అప్పుడు అరిచింది.

బ్యాటును చేతిలోంచి తీయడానికి ముగ్గురు పట్టుకోవలసి వచ్చింది. మద్దిలేటి బల్ల దగ్గర నుంచి మైదానం మధ్యకు ఎలా వచ్చాడో ఆయనకు తెలియదు. హైమవతి పట్టీలు పీకి నేల మీద పారేసింది. బోర్డు మీద అంకె రెండు పెరిగింది. రెండువందల నలభై మూడు. గీతకు ఇంకా నలభై ఒకటి తక్కువ. మర్నాడు ఉదయం ఇంకో మెట్టు సడలించాలని యంత్రం రాసుకుంది.

*

ఆసుపత్రి నుంచి సాయంత్రం నాలుగు గంటలకు మద్దిలేటి కేంద్రానికి తిరిగి వచ్చి, పుస్తకాలు హైమవతి బల్ల మీద పెట్టాడు. చుక్కల సంగతి చెప్పాడు. బుధవారం సంగతి కూడా చెప్పాడు.

ఆమె ఒక పుస్తకం తెరిచి, ఒక పేజీలో చుక్క నుంచి చుక్కకు వేలు జరిపింది.

“పుస్తకాలు యంత్రానికి ఎక్కించిన రోజు నుంచి నాలుగు నెలలు నా ఎదురుగా కూర్చున్నారు మీరు,” అంది.

“కూర్చున్నా మేడం.”

“తప్పుల గడి ఖాళీగా ఉంటే, మీ ఊళ్లో ఆ గడి వాడరేమో అనుకున్నాను. పదకొండేళ్లలో ఒక్క తప్పు కూడా లేకపోతే ఎందుకు లేదని అడగాలి కదా. అడగలేదు. అది నాది.” పుస్తకం మూసింది. “బుధవారం మాత్రం మీది.”

“నాదే.”

“ఎందుకు చెప్పలేదు?”

“పాప అడిగింది.”

హైమవతి కిటికీ వైపు తిరిగింది. ఆయన వెళ్లిపోతాడని చూసింది. వెళ్లకపోయేసరికి, “చుక్కలున్న గడులన్నీ రేపటికి నాకు జాబితా కావాలి,” అంది. “ముందు మిగతా ముగ్గురి చుక్కలు ఇప్పుడే లెక్కపెట్టండి, వాళ్ల గీతలు మళ్లీ గీయాలి. వాళ్లలో ఎవరు దాటారో ఈ పూటే తెలియాలి.”

ఇద్దరు దాటారు. హసీనా దాటలేదు. ఆ సాయంత్రమే ముగ్గురి పట్టీలూ తీయించారు. శనివారం ప్రకటించిన జాబితాలో ఆదోని పేరు ఒక్కటీ లేదు.

పూర్తి జాబితా తయారుచేయడానికి మద్దిలేటికి రెండు రోజులు పట్టింది. మొత్తం ఆరువందల నలభై చుక్కలు. ఒక్కో చుక్కకూ బంతి వదిలేసిన ఒక పిల్ల పేరు. యంత్రానికి పాత లెక్క తీసేసి కొత్త లెక్క ఇచ్చారు. ఆ తరువాత అది సరిగ్గానే పనిచేసింది. మరుసటి ఏడు వేరే జిల్లా నుంచి వచ్చిన పిల్లల్లో ఒక్కరికీ వాపు రాలేదు. గీత అందిన చోట పట్టీ ఆగింది. అంతకు ముందే, ప్రమాదమైన నెలలోనే, కేంద్రం వేసిన నివేదికలో జరిగినదానికి రెండు వాక్యాలు కేటాయించారు. చివర అనుబంధంగా చుక్కల జాబితా పేర్లతో సహా అచ్చయింది. ఎవరో దాన్ని ఆదోనికి పంపారు. నెల తిరగకముందే అయిదుగురు పిల్లలు ఆటకు రావడం మానేశారు. హసీనా తండ్రి ఈసారి మద్దిలేటి ఇంటి ముందు నుంచే పోయాడు గానీ లోపలికి రాలేదు.

భీమక్క వచ్చింది. గడప బయటే నిలబడింది.

“మిల్లులో ముప్పై ఏండ్లు తూసినావు,” అంది. “ఎవరి మొహమన్నా చూసి పిడికెడు పత్తి ఎక్కువేసినావా ఎప్పుడన్నా?”

“ల్యా అక్కా.”

“పత్తికి చెయ్యనిది పిల్లకెందుకు చేసినావురా?”

ఆయన లోపలికి రమ్మన్నాడు. ఆమె రాలేదు.

*

ఊడిన స్నాయువును రెండుసార్లు కుట్టారు. రెండోసారి నిలిచింది. నరాల సంగతి మాత్రం ఎవరూ కచ్చితంగా చెప్పలేదు. నాలుగు నెలల తరువాత ఉలిగమ్మ కుడిచేత్తో గుండీ పెట్టుకోలేకపోయేది. గట్టిగా పట్టుకునే శక్తి పోయింది, మెత్తగా పట్టుకునే తెలివీ పోయింది.

గురు, సోమ వారాల్లో కర్నూలులో ఫిజియోథెరపీ. మద్దిలేటి వెంట వెళ్లేవాడు. భీమక్క వద్దనలేదు, సరే అనీ అనలేదు. బస్సులో ఉలిగమ్మ కిటికీ పక్కన కూర్చునేది. డిసెంబరు మొదటి గురువారం, కోడుమూరు దాటాక, ఆమె అంతవరకూ అడగనిది అడిగింది.

“బుధవారం నువ్వు మేడంకు చెప్పుంటే, నా చెయ్యి ఉండేదా?”

“డాక్టరు ఉండేదనే అన్యాడు.”

“మరి ఎందుకు చెప్పల్యా?”

“నువ్వు అడిగినావని, పాపా.”

“నేను అడుగుతా మామా. నాకు ఆడల్ల అనుండె. ఆడల్ల అనుకునేది ఎవరైనా అడుగుతాది.” ఆమె గొంతు పెంచలేదు. ముందు సీట్లో ఉన్నవాళ్లకు వినబడే అవకాశం లేదు. “నువ్వు ఆడేటోనివి కాదు కదా. రాసేటోనివి.”

మద్దిలేటి ఏదో చెప్పబోయాడు. టికెట్ల కోసం కండక్టరు వచ్చాడు. మద్దిలేటి రెండు టికెట్లు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఫిజియోథెరపీ చేసే ఎస్తేరమ్మ గదిలో ఆ రోజు కొత్త పరికరం ఉంది. రెండు ఇనుప కమ్ములు, పైన ఒక గుండ్రటి అద్దం, అందులో సూది. కమ్ములను పిడికిట్లో పెట్టి నొక్కితే పట్టు ఎన్ని కిలోలో సూది చూపుతుంది. వారానికి రెండుసార్లు కొలిచి రాయాలని, దాన్నిబట్టే మూడో ఆపరేషన్ చేయాలా వద్దా తేలుస్తారని ఎస్తేరమ్మ చెప్పింది. ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

“పెద్దాయనా, మీరు రాస్తారా? నేను చెయ్యి పట్టుకోవాలి.”

మద్దిలేటి జేబులోంచి పెన్ను తీశాడు.

“మామ వద్దక్కా,” అంది ఉలిగమ్మ. “నేను రాసుకుంటా.”

“కుడిచేతిది కదమ్మా కొలిచేది?”

“ఎడమతో రాస్తా.”

ఎస్తేరమ్మ ఇద్దరినీ చూసింది. ఉలిగమ్మ ఎడమచెయ్యి చాపింది. మద్దిలేటి ఆ చేతిలో పెన్ను పెట్టి, కుర్చీని గోడ దగ్గరికి జరుపుకున్నాడు.

ఆమె కమ్ములను నొక్కింది. మెడ మీద నరం లేచింది. చెవుల దాకా ఎర్రబడింది. సూది కదిలి, ఒకటి దాటి, ఒకటిన్నరకు చేరకముందే ఆగి, వణికింది. ఆయన కూర్చున్న చోటు నుంచి చూస్తే ఒకటిన్నర తాకినట్టే ఉంది. అలా చెప్పాలని నోరు తెరిచి, మూసుకున్నాడు.

ఉలిగమ్మ కాగితం మీద వంగి, ఎడమచేత్తో, వంకర గీతగా ఒకటి అని రాసింది. పక్కన తారీఖు వేసింది. తరువాత కుడిచేతిని రెండో ప్రయత్నానికి ఎస్తేరమ్మ ముందు పెట్టింది.